జూన్, జులైలో మా దగ్గర కాయిల్ మార్పించుకున్నవారికి

జూన్, జులైలో లాన్ మోవర్‌కి ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి స్పార్క్ అందించేది) మార్పించుకున్నవాళ్లంతా మెషిన్ తీసుకురండి. వేరే కాయిల్ వేసిస్తాం. కాయిల్‌కీ, కూలికీ ఒక్క రూపాయి కూడా తీసుకోం.

అప్పుడు వేసిన చవక రకం కాయిల్ లాట్ చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటోంది. ఇరవై నిమిషాలు గడ్డి కోసేసరికి ఇంజిన్ టక్కున ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ మామూలే. ఆగిన వెంటనే స్పార్క్ టెస్టర్ పెట్టి తాడు లాగితే స్పార్క్ లేదు.

సప్లయర్‌ని అడిగితే "గ్యాప్ మీరే తప్పు పెట్టుంటారు" అన్నాడు (గ్యాప్ అంటే కాయిల్‌కీ, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రంలోని అయస్కాంతానికీ మధ్య ఖాళీ). ఆ మాట మేం పడం. ఈ ఇంజిన్లకు బ్యాటరీ ఉండదు. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ ఇనుప కాళ్ల ముందు నుంచి వెళ్లినప్పుడు కాయిల్‌లోని ప్రైమరీ చుట్టలో కరెంటు పుడుతుంది. అది బాగా పెరిగిన క్షణంలో లోపలి ట్రాన్సిస్టర్ దాన్ని తెంచేస్తుంది. ఆ దెబ్బకి రెండో చుట్ట సెకండరీలో పది వేల వోల్టులు దాటి లేచి ప్లగ్ దగ్గర స్పార్క్ పడుతుంది. గ్యాప్ ఎక్కువైతే ఇబ్బంది తాడు లాగేటప్పుడే, ఫ్లైవీల్ మెల్లగా తిరిగేది అప్పుడే కదా. తక్కువైతే అయస్కాంతం మీద గీతలు పడాలి, ఒక్కదానికీ లేవు. మేం 0.3 మి.మీ. మందం విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, కాయిల్‌ని అయస్కాంతం లాక్కున్నాక స్క్రూలు బిగించి కార్డు లాగేస్తాం. అదే కార్డుతో ఇంజిన్ కంపెనీవాళ్ల సొంత కాయిల్ బిగిస్తే అదే మెషిన్ గంటసేపు ఆగకుండా నడిచింది.

లోపమంతా ఎపాక్సీ పోత లోపల ఉంది. విప్పి బాగుచేసేది కాదు. మల్టీమీటర్ పెడితే చల్లగా ఉన్నప్పుడు రీడింగ్ సరిగ్గానే చూపించింది, అందుకే ముందే దొరకలేదు.

సీజన్ మధ్యలో ఈ రకం ఆపాలా వద్దా అని చాలా మథనపడ్డాం. కంపెనీ కాయిల్ ధర దాదాపు రెట్టింపు, రావడానికి వారం పైనే పడుతుంది. అయినా ఆపేశాం. చవకది కావాలని అడిగినా ఇక వేయం. ఏ కాయిల్ వేసినా అరగంట వేడి మీద నడిపాకే మెషిన్ చేతికిస్తాం.

వచ్చేముందు ఒకటి చూడండి. ఇంజిన్ ఆపే స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే సన్న వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్నా స్పార్క్ రాదు. బ్లేడు రాయికి కొట్టుకున్నాక స్టార్ట్ కాకపోయినా, తాడు వెనక్కి తన్నినా ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ని ఇరుసు మీద కదలకుండా పట్టే చిన్న లోహపు ముక్క) తెగి టైమింగ్ తప్పి ఉంటుంది. అది కాయిల్ తప్పు కాదు, ఆ పనికి మాత్రం మామూలు చార్జీ ఉంటుంది.