సముద్రంలో చమురు, మన చేతిలో బకెట్లు

అయ్యా,

మాది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉన్న కుటుంబం. డీజిల్ పోసేటప్పుడు ఒలికిందీ, ఇంజిన్ గదిలోంచి తోడి పారబోసిన నల్లనీళ్లూ కలిసి జెట్టీ పక్కన తెట్టు కడుతూనే ఉంటాయి. పడిపోయిన తాడు తీద్దామని చేయి పెడితే మోచేతి దాకా జిడ్డే, సబ్బుకు కూడా వదలదు. 2017 జనవరిలో చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చమురు ఒడ్డుకు కొట్టుకొస్తే జనం బకెట్లతో తోడారు. 2023 డిసెంబరులో తుపాను వరదలప్పుడు ఎన్నూరు క్రీక్‌లోకి మళ్లీ చమురు వచ్చింది, ఈసారి మత్స్యకారులు మగ్గులతో ఎత్తిపోశారు. ఇన్నేళ్లలో మారింది ఇంతేనా అని నాకు చాలా బాధగా ఉంది.

మొక్కల పీచుతో చేసే, నూనెను పీల్చే ఏరోజెల్ అనే తేలికైన పదార్థం గురించి చదివాక ఓ పని చేశాను. మా నానమ్మ పాత దిండు విప్పి గుప్పెడు బూరుగు దూది తీసి, టబ్బులో నీళ్ల మీద అర గ్లాసు డీజిల్ పోసి అందులో వేశాను. దూది మునగలేదు, చూస్తుండగానే డీజిల్‌ని లాగేసుకుంది, పిండితే చాలావరకు సీసాలోకి తిరిగొచ్చింది. బూరుగు పీచు లోపల బోలు, పైన సన్నటి మైనపు పొర, అందుకే నీళ్లు అంటవు, నూనె అంటుతుంది.

ఏరోజెల్ చేసేదీ ఇదే పని, ఇంకా బాగా. పత్తి, కాగితం, పంట వ్యర్థాల నుంచి తీసిన సెల్యులోజ్ అనే పీచు పదార్థాన్ని నీళ్లలో కలిపి గడ్డకట్టించి, ఆ మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చేస్తే మిగిలేది దాదాపు అంతా గాలే ఉన్న తేలికైన ముక్క. సెల్యులోజ్‌కి నీళ్లంటే ఇష్టం కాబట్టి పైన నీరంటని పూత వేయాలి. అప్పుడది తన బరువుకు పదుల రెట్లు నూనె, టోలుయీన్ లాంటి సాల్వెంట్లు (వేరే పదార్థాలను కరిగించే రసాయన ద్రవాలు) కూడా పీలుస్తుంది. ఒలికిన నూనె పీల్చడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ ప్యాడ్లు ప్లాస్టిక్కే కదా, వాడాక అదో చెత్త.

దీనికీ ఇబ్బందులున్నాయి. తారులా చిక్కటి ఫర్నేస్ ఆయిల్‌ని త్వరగా పీల్చదు, మంచు ఆరబెట్టడానికి కరెంటు ఖర్చు బాగా అవుతుంది. కానీ మా జెట్టీ దగ్గర ఒలికేది పలచటి డీజిల్, పరవాడ ఫార్మా కంపెనీల్లో వాడేవి పలచటి సాల్వెంట్లు, ముందు వీటితో మొదలుపెట్టొచ్చు. ఇక ముడిసరుకంటారా, గుంటూరు, ఆదిలాబాద్ చేలల్లో పత్తి ఏరాక కట్టెను రైతులు ఏటా తగలబెడుతూనే ఉన్నారు.

మన యూనివర్సిటీలు ఆ కట్టెతో ఏరోజెల్ షీట్లు చేసి ఒక్క హార్బర్‌లో ఏడాదిపాటు వాడి చూడాలని, పిండిన నూనె ఎక్కడికి పంపాలో కూడా ముందే తేల్చాలని మత్స్యశాఖను, కాలుష్య నియంత్రణ మండలిని కోరుతున్నాను. పరీక్షకు జెట్టీలో చోటు, కూడా ఉండి పనిచేసే మనుషులు కావాలంటే మా బోటు వాళ్లం సిద్ధం.

- ఒక మత్స్యకారుడు, విశాఖపట్నం