గ్రీన్ బే ప్యాకర్స్‌కు యజమాని లేడు: మీ పుస్తకంలోని తప్పులపై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

మీరు తెలుగు పిల్లల కోసం వేసిన క్రీడా జట్ల పుస్తకాల్లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర మూడు కాపీలు ఈ మార్చిలో మీ వెబ్‌సైట్‌లో కొన్నాను. మేము ఉండేది విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బేలోనే. ఒక కాపీ మా తొమ్మిదేళ్ళ బాబుకి, ఒకటి తెనాలిలో ఉన్న మా నాన్నగారికి, ఇంకొకటి ఇక్కడి తెలుగు పిల్లలకు ఆదివారాలు మేం నడిపే బడికి. మా ఊరి జట్టు గురించి తెలుగులో పుస్తకం వచ్చిందని తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పుస్తకాల ధర కంటే అమెరికాకు పోస్టు ఖర్చే ఎక్కువైనా వెనకాడలేదు.

పుస్తకం చేరిన వారానికి నాన్నగారు ఫోన్ చేసి, "చదివానమ్మా. ఆ లాంబో గారి కుటుంబం ఇప్పటికీ మీ ఊళ్ళోనే ఉంటుందా? జట్టు వాళ్ళదేగా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. నా కాపీ తీసి చూస్తే, జట్టు యజమాని కర్లీ లాంబో అని, ఆయన తర్వాత అది వారసులకు దక్కిందని రెండో అధ్యాయంలో ఉంది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ ఒక్క వాక్యం.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న 32 జట్లలో యజమాని లేని జట్టు ఇదొక్కటే. 1919 ఆగస్టు 11న ఊరి పత్రిక ఆఫీసులో లాంబో, ఆ పత్రికలో పనిచేసే జార్జ్ కాల్హూన్ కలిసి కుర్రాళ్ళను పోగుచేసి జట్టు కట్టారు. లాంబో అప్పుడు మాంసం డబ్బాల్లో ప్యాక్ చేసే కంపెనీలో ఉద్యోగి. జెర్సీలకు, సామానుకు ఆ కంపెనీయే 500 డాలర్లు ఇచ్చింది. ప్యాకర్స్ అనే పేరు అలా వచ్చింది. ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. మీ అనువాదకులు దాన్ని "భారతీయుల కంపెనీ" అని రాసేశారు! మన దేశానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆదివారం బడిలో ఒక పాప పుస్తకం తిరగేసి, ఈ జట్టును మనవాళ్ళే పెట్టారా అని ఎంతో ఆశగా అడిగింది. కాదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

1921లో జట్టు లీగ్‌లో చేరింది. ఆ సీజన్‌లో కాలేజీ ఆటగాళ్ళను మారుపేర్లతో ఆడించినందుకు లీగ్ దాన్ని బయటికి పంపింది. 1922లో లాంబో మళ్ళీ తెచ్చుకున్నారు. కానీ వానల వల్ల జనం మ్యాచ్‌లకు రాక అప్పులు పెరిగాయి. అప్పుడు పత్రిక యజమాని ఆండ్రూ టర్న్‌బుల్, ఊరి పెద్దలు కొందరు కలిసి 1923లో జట్టును లాభాపేక్ష లేని కంపెనీగా మార్చి, షేరు 5 డాలర్ల చొప్పున ఊరివాళ్ళకే అమ్మారు. ఆ తర్వాత కూడా డబ్బు అవసరం పడిన ప్రతిసారీ, 1935లో, 1950లో, 1997లో, 2011లో, 2021లో, జనం దగ్గరికే వెళ్ళారు. ఇప్పుడు 5 లక్షలకు పైగా వాటాదారులున్నారు. వాళ్ళలో మా వారు కూడా ఒకరు. 2021లో 300 డాలర్లు పెట్టి ఒక షేరు కొన్నారు. ఆ పత్రం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాం. దానిమీద డివిడెండ్ రాదు, దాన్ని లాభానికి అమ్ముకోలేం, దానివల్ల మ్యాచ్ టికెట్ కూడా రాదు. రేపు జట్టును ఎవరికైనా అమ్మినా ఆ డబ్బు సేవా సంస్థకే పోతుంది తప్ప మాకెవరికీ పైసా రాదు. అందుకే లక్ష దాటి కొద్దిపాటి జనాభా ఉన్న ఈ చిన్న ఊళ్ళో నూరేళ్ళు దాటినా ఈ జట్టు నిలబడి ఉంది. పెద్ద ఊరికి తరలించుకుపోయి లాభం చేసుకునేవాడు ఎవరూ లేరు.

నాన్నగారికి మన పల్లెల్లో పాల సంఘంలాంటిది అనుకోండి అని చెప్పాను. అచ్చం అదే కాకపోయినా వెంటనే అర్థమైంది ఆయనకు. మీ పుస్తకం ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు.

లాంబో యజమానే అయితే ఆయన 1950లో పాలకవర్గంతో పడక రాజీనామా చేసి షికాగో కార్డినల్స్‌కు శిక్షణ ఇవ్వడానికి ఎందుకు వెళ్ళిపోతారు? ఈ రాజీనామా సంగతి మీ పుస్తకం ఐదో అధ్యాయంలోనే ఉంది. అంటే రెండో అధ్యాయం, ఐదో అధ్యాయం పక్కపక్కన పెట్టి చదివినవారు మీ దగ్గర ఒక్కరూ లేరన్నమాట.

స్టేడియం గురించి కూడా చెప్పాలి. లాంబో ఫీల్డ్ "జట్టుతో పాటే పుట్టింది" అని రాశారు. అది 1957 సెప్టెంబరులో మొదలైంది, అప్పటి పేరు సిటీ స్టేడియం. 1965లో లాంబో చనిపోయాక ఆయన పేరు పెట్టారు. దాన్ని కట్టడానికి అప్పు తేవాలా వద్దా అని 1956లో ఊరంతా ఓటు వేసింది. బద్ధశత్రువులైన షికాగో బేర్స్ అధినేత జార్జ్ హాలస్ స్వయంగా గ్రీన్ బే వచ్చి, అనుకూలంగా ఓటు వేయండి అని సభలో మాట్లాడారు. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది? అది మీ పుస్తకంలో లేనే లేదు.

ఇక ఐస్ బౌల్. 1967 డిసెంబరు 31న డల్లాస్ కౌబాయ్స్‌తో ఇక్కడే జరిగిన ఆట. దాన్ని సూపర్ బౌల్ అని రాశారు. అది ఎన్‌ఎఫ్‌ఎల్ చాంపియన్‌షిప్ మ్యాచ్. ఎన్‌ఎఫ్‌ఎల్ విజేతకూ అప్పటి పోటీ లీగ్ విజేతకూ మధ్య జరిగే సూపర్ బౌల్ ఆ తర్వాత రెండు వారాలకు మయామీలో జరిగింది, అందులో ఓక్లాండ్ రైడర్స్‌ను 33-14తో ఓడించారు. అంతకంటే బాధ కలిగించినది, ఆ రోజు ఉష్ణోగ్రత "13 డిగ్రీలు" అని అచ్చువేయడం. మైనస్ గుర్తు పోయింది, ఫారన్‌హీట్ అన్న మాటా పోయింది. అసలుది మైనస్ 13 ఫారన్‌హీట్, మన లెక్కలో సున్నాకు 25 డిగ్రీలు కింద. నేలను వెచ్చగా ఉంచడానికి మైదానం కింద వేసిన విద్యుత్ తీగలు పనిచేయక నేల గడ్డకట్టింది. రెఫరీల విజిళ్ళు కూడా పనిచేయలేదు. ప్యాకర్స్ 17-14తో వెనకబడి, ఆటను కాసేపు ఆపించుకునే టైమ్‌అవుట్లు అయిపోయి, 16 సెకన్లు, గోల్ గీతకు ఒకే ఒక్క గజం మిగిలి ఉండగా, మైదానంలో జట్టును నడిపించే బార్ట్ స్టార్ బంతిని ఎవరికీ ఇవ్వకుండా తానే పట్టుకుని దూరాడు. 21-17తో గెలిచారు. తెనాలిలో 13 డిగ్రీలంటే దుప్పటి కప్పుకునే చలి, అంతే. అది చదివి ఆ రోజు వాళ్ళు పడిన కష్టం ఎవరికి తెలుస్తుంది?

జట్టు నాలుగుసార్లు చాంపియన్ అని అట్ట వెనక వేశారు. నాలుగు సూపర్ బౌల్ విజయాలే. సూపర్ బౌల్ పుట్టకముందు గెలిచినవి కూడా కలిపితే మొత్తం 13 టైటిళ్ళు. 1929, 1930, 1931 వరసగా మూడేళ్ళు గెలిచిన ఆటగాళ్ళను లెక్కలోంచే తీసేశారు. నా కాపీలో ఎనిమిది పేజీలు రెండుసార్లు కుట్టారు కూడా, కానీ దాన్ని నేను పట్టించుకోవడం లేదు.

ఏప్రిల్‌లో ఇవన్నీ మీకు ఈమెయిల్ చేశాను. "పిల్లల పుస్తకం కదా మేడమ్, చిన్న చిన్న తేడాలు ఉంటాయి" అని జవాబు వచ్చింది. పిల్లల పుస్తకం కాబట్టే నేను అడుగుతున్నాను. ఇక్కడ ఎండాకాలం శిక్షణ శిబిరంలో ఆటగాళ్ళు ప్రాక్టీసుకు పిల్లల సైకిళ్ళు ఎక్కి వెళ్తారు, పక్కన పిల్లలు వాళ్ళ హెల్మెట్ మోస్తూ నడుస్తారు. దశాబ్దాల ఆనవాయితీ అది. పోయిన ఏడాది మావాడూ తన సైకిల్ తీసుకుని వరసలో నిలబడ్డాడు. జట్టు తనదని వాడు నమ్ముతాడు, ఆ నమ్మకం నిజం కూడా. తన మాతృభాషలో చదివిన మొదటి చరిత్ర పుస్తకం వాడికి అది ఎవరిదో సొంత ఆస్తి అని చెప్పింది.

నేను కోరేవి ఇవి. మూడు కాపీల డబ్బు, పోస్టు ఖర్చుతో సహా వాపసు ఇవ్వండి. మిగిలిన కాపీల్లో తప్పొప్పుల పట్టిక పెట్టేదాకా అమ్మకం ఆపండి. ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ ఆ పట్టిక పంపండి. మళ్ళీ అచ్చువేసే ముందు ఆట తెలిసిన ఒకరితో చదివించండి. కావాలంటే నేనే చదివి పెడతాను, డబ్బేమీ వద్దు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయమని నాన్నగారితో చెప్పాను.

ఆయన కాపీలో తప్పులు నేను ఫోన్‌లో చెబుతుంటే ఆయనే పెన్నుతో దిద్దుకున్నారు. ఆదివారం బడి కాపీ మాత్రం పిల్లల చేతుల్లోంచి తీసి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గ్రీన్ బే, విస్కాన్సిన్