తెర వెనుక కూర్పూ నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

రిచ్ క్లయింట్ అప్లికేషన్ల (వాడేవారి కంప్యూటర్‌లోనే చాలావరకు పనిచేసే ప్రోగ్రాంల) శిక్షణలో తెర మీద బటన్లు అమర్చడం నేర్పినంత శ్రద్ధగా, వాటి వెనుక లెక్కలు, డేటాబేస్ వ్యవహారం ఎక్కడ ఉండాలో నేర్పడం లేదు. క్లిక్‌కు స్పందించే కోడ్‌లోనే అన్నీ కుక్కితే, ఒక్క నియమం మారినా పది తెరలు విప్పి చూడాలి. తెర తెరవకుండా ఆ లెక్కను పరీక్షించడమూ కుదరదు.

1979లో ట్రిగ్వే రీన్స్‌కౌగ్ రూపొందించిన మోడల్-వ్యూ-కంట్రోలర్, 2005లో జాన్ గాస్‌మన్ వివరించిన మోడల్-వ్యూ-వ్యూమోడల్ పద్ధతులు తెరనూ దాని వెనుక లెక్కలనూ వేరుచేసి ఈ చిక్కు విప్పడానికి వచ్చినవే. తెర తనకు కావలసిన సేవను (డేటా తెచ్చిపెట్టే కోడ్ వంటిదాన్ని) తానే సృష్టించుకోకుండా, ఇంటర్‌ఫేస్ (ఆ సేవ ఏ పనులు చేస్తుందో మాత్రమే చెప్పే ఒప్పందం) రూపంలో బయటి నుంచి అందుకుంటే, డేటాబేస్ మారినా తెరను ముట్టుకోనక్కరలేదు. రెండు తెరల చిన్న పనికీ ఇన్ని పొరలు పేర్చడం మాత్రం (అదీ చూస్తున్నాం) అనవసర భారమే.

ఈ కూర్పు విలువ విద్యార్థులకు తెలిసేలా, కొత్త ప్రోగ్రాం రాయించడంతో ఆపక, ఇతరులు రాసిన పాత ప్రోగ్రాంలో మార్పు చేయించే అభ్యాసాన్ని పాఠ్యాంశాల్లో చేర్చాలని కోరుతున్నాను.

– ఒక ప్రోగ్రామర్