డెనాలీ యాత్రలో నెరవేరే వీలులేని భాగానికి సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

2025 ఆగస్టులో గుంటూరు నుంచి వచ్చే మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని అలాస్కా వెళ్లేందుకు మీ సంస్థలో యాత్ర బుక్ చేసుకుని, పూర్తి సొమ్ము ముందే చెల్లించాను. మూడో రోజు డెనాలీ నేషనల్ పార్కు బస్సులో, పార్కు రోడ్డుపై 85వ మైలు వద్ద ఉన్న వండర్ లేక్ వరకు తీసుకెళ్తామని మీరు పంపిన ప్రణాళికలో ఉంది. ఆ సరస్సు నీటిలో డెనాలీ శిఖరం ప్రతిబింబిస్తున్న ఫోటోను పేజీ నిండా వేశారు కూడా.

అయితే ఆ దారిలో ప్రెట్టీ రాక్స్ అనే చోట, మంచు కలిసిన నేల కరిగి కొండవాలు జారిపోతున్నందువల్ల, 2021 ఆగస్టు నుంచి ఆ రోడ్డు 43వ మైలు వద్దే మూసి ఉంది. బస్సులు అక్కడి నుంచే వెనుదిరుగుతున్నాయి. అరవై లక్షల ఎకరాల పార్కులోకి వెళ్లే రోడ్డు అదొక్కటే కాబట్టి, చుట్టూ తిరిగి వెళ్లే దారి కూడా లేదు. ఈ సంగతి అడిగితే, ప్రకృతి వైపరీత్యాలకు సంస్థ బాధ్యత వహించదన్న నిబంధనను మీ ప్రతినిధి చదివి వినిపించారు. బుకింగ్ తర్వాత వచ్చిపడిన విపత్తుకు ఆ నిబంధన వర్తిస్తుందేమో గాని, నాలుగేళ్లుగా పార్కు అధికారులే బహిరంగంగా చెబుతున్న మూసివేతకు ఎలా వర్తిస్తుందో నాకు అర్థం కాలేదు.

అయిదో రోజు ఫెయిర్‌బ్యాంక్స్‌లో మామూలు అద్దె కారు తీసుకుని చాలా భాగం కంకర రోడ్డే అయిన డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ అనే చిన్న ఊరి వరకు నడుపుకుంటూ వెళ్లమన్నారు. మీరే కుదిర్చిన కారు ఒప్పందంలో కంకర రోడ్లపై నడపరాదని స్పష్టంగా ఉంది. ఆర్కిటిక్ వలయం దాటాక, ఫోన్ సిగ్నల్ కూడా అందని ఆ దారిలో టైరు పగిలితే, బీమా వర్తించని కారులో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని నేనేం చేయాలో మీ ప్రణాళికలో ఒక్క ముక్క లేదు.

కనుక వండర్ లేక్ బస్సుకు, అయిదో రోజు ఏర్పాట్లకు వసూలు చేసిన సొమ్మును పూర్తిగా తిరిగి ఇవ్వాలని, 43వ మైలు వరకే వెళ్లే బస్సులో మాకు సీట్లు ఖరారు చేయాలని, ఇతర ప్రయాణికులకు పంపే ప్రణాళికలోనూ ఈ రెండు రోజుల వివరాలను సరిదిద్దాలని కోరుతున్నాను. పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే, ఈ చెల్లింపుపై నా క్రెడిట్ కార్డు బ్యాంకులో అభ్యంతరం నమోదు చేస్తాను. ప్రణాళిక, రసీదు, కారు ఒప్పందం ప్రతులను జతపరుస్తున్నాను.

ఇట్లు,
డాలస్ నుంచి మీ కస్టమర్