సినిమాలో చూపించిందీ చరిత్రలో జరిగిందీ ఒకటి కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ సినిమా పేజీలో అమెరికా అధ్యక్షుడు లింకన్ మీద తీసిన పాత హాలీవుడ్ సినిమా గురించి ఒక ఐటెం వేశారు. ఆ రోజే రాద్దామనుకుని, సర్లే పొరపాట్లు ఎవరికైనా వస్తాయి అని ఊరుకున్నాను. మొన్న మా మనవరాలి ప్రాజెక్ట్ బుక్కు చూశాక ఇంక ఊరుకోలేకపోయాను. తొమ్మిదో తరగతి పిల్ల. మీ కటింగ్ ఫెవికాల్‌తో అతికించి, దాని కింద స్కెచ్ పెన్నుతో గీత కొట్టి మరీ రాసింది, "గెటిస్‌బర్గ్ ఉపన్యాసం ఇచ్చిన కాసేపటికే లింకన్‌ని థియేటర్లో కాల్చి చంపారు" అని. స్కూల్లో దానికి ఎర్ర ఇంకుతో టిక్కు కూడా పడింది. అదేంటమ్మా ఇలా రాశావు అంటే, పేపర్లో ఉంది తాతయ్యా అంది. నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి, ఆ పిల్లకి ఏం చెప్పాలో తోచలేదు.

అసలు జరిగింది ఇది. గెటిస్‌బర్గ్‌లో లింకన్ మాట్లాడింది 1863 నవంబర్ 19న, అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానం ప్రారంభిస్తూ. ఫోర్డ్స్ థియేటర్లో బూత్ అనే నటుడు ఆయన్ని కాల్చింది 1865 ఏప్రిల్ 14 రాత్రి. మధ్యలో దాదాపు ఏడాదిన్నర ఉంది. ఆ రాత్రి ఆయన భార్యతో నాటకం చూడ్డానికి వెళ్ళాడే కానీ ఉపన్యాసం ఇవ్వడానికి కాదు. మరి మీ వాళ్ళకి ఇది ఎక్కడ దొరికిందంటే ఆ సినిమాలోనే దొరికింది. గ్రిఫిత్ అనే డైరెక్టర్ 1930లో తీసిన అబ్రహం లింకన్ సినిమాలో, చివర థియేటర్ సీన్‌లో లింకన్ చేత గెటిస్‌బర్గ్ మాటలూ, 1865 మార్చిలో రెండోసారి ప్రమాణం చేసినప్పటి మాటలూ కలిపి చెప్పిస్తారు. డైరెక్టర్‌కి ఆ సీన్ అలా కావాల్సి వచ్చింది, పెట్టుకున్నాడు. మీ ఐటెం రాసినాయన దాన్ని పట్టుకుని లింకన్ జీవితంలో జరిగినట్టే అచ్చేశారు. ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు అని మన పిల్లలు బట్టీ పట్టే మాట ఆ గెటిస్‌బర్గ్ ఉపన్యాసంలోదే, అది ఎక్కడ ఎందుకు పుట్టిందో కూడా తెలీకుండా చేస్తే ఎలాగండీ?

పైగా దాన్ని మూకీ అని రాశారు! అది గ్రిఫిత్ మొట్టమొదటి పూర్తి టాకీ. మూకీల రోజుల్లో అంతటి పేరున్న మనిషి, దీని తర్వాత 1931లో ఇంకొక్క సినిమా తీశాడు, అంతే, 1948లో పోయేదాకా మళ్ళీ తన పేరు మీద సినిమా డైరెక్ట్ చెయ్యలేదు. మీరు వేసిన ఫోటో అయితే ఈ సినిమాదే కాదు, 2012లో స్పీల్‌బర్గ్ తీసిన దాంట్లోది. గ్రిఫిత్ సినిమాలో లింకన్ వేసింది వాల్టర్ హ్యూస్టన్, ఒక్కసారి సినిమా ఆన్ చేసి చూసినా తేడా తెలిసేది.

నటులు ఆగి ఆగి మాట్లాడతారు, నాటకంలా ఉంది, చెత్త అని కొట్టిపారేశారు. సౌండ్ వచ్చిన కొత్తలో మైకుకి అందేలా ఒకచోట నిలబడి మాట్లాడాల్సి వచ్చేది, అప్పటి టాకీలు చాలా అలాగే ఉంటాయి. నేను ఈ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి నెట్‌లో దొరికిన కాపీ, అది లింకన్ పుట్టడంతోనే మొదలైంది. రెండోసారి బాగుచేసిన ప్రింటు చూస్తే దానికి ముందు ఇంకో సీన్ ఉంది, బానిసల్ని తెచ్చే ఓడ. ఆ సీన్‌కి సౌండ్ మిగల్లేదు, మాటలు కింద అక్షరాల్లో వస్తాయి. చనిపోయిన మనిషిని ఎత్తి సముద్రంలోకి విసిరేస్తారు. శబ్దం లేకుండా ఆ సీన్ చూస్తుంటే నా పక్కన కూచున్న మనవరాలు హెడ్‌ఫోన్స్ తీసేసి ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఆ సీన్ గురించి మీ ఐటెంలో ఒక్క ముక్క లేదు.

నిజంగా తిట్టాలంటే తిట్టాల్సింది వేరే ఉంది. అంత గట్టిగా మొదలుపెట్టి, ఆ తర్వాత నల్లవాళ్ళని దాదాపు కనపడనివ్వలేదు. 1858లో సెనేట్ ఎన్నికల్లో తన ప్రత్యర్థి డగ్లస్‌తో లింకన్‌కి ఏడు చోట్ల జరిగిన వాదాలకి అసలు కారణమే బానిసత్వం, సినిమాలో అదంతా దేశం విడిపోవడం గురించే అన్నట్టు చూపించారు. 1915లో నల్లవాళ్ళ మీద దాడులు చేసిన కూక్లక్స్ క్లాన్ ముఠాని హీరోల్ని చేసి బర్త్ ఆఫ్ ఎ నేషన్ తీసింది కూడా ఈ గ్రిఫిత్తే, ఆ సినిమాలో కూడా లింకన్ హత్య ఉంది. అది చెప్పకుండా ఈ సినిమా గురించి ఎవరైనా రాస్తారా? ఇవేవీ మీవాళ్ళకి కనపడలేదు, నటన బాలేదట.

ఇదివరకు పేపర్‌లో చిన్న తేదీ తప్పు పడినా మర్నాడు సవరణ వేసేవాళ్ళు. ప్రూఫ్ రీడర్లు ఉండేవాళ్ళు, ఫోన్ చేస్తే ఒక మనిషి ఎత్తేవాడు. ఇప్పుడు నెట్‌లో దొరికింది దొరికినట్టు దించేసి పేజీ నింపేస్తున్నారు, మా స్టేట్ సిలబస్ పిల్లలు దాన్ని చూసి రాసుకుంటున్నారు, బడుల్లో టిక్కులు పడుతున్నాయి. పోయిన ఏడాది కూడా రెండు ఉత్తరాలు రాశాను, వేరే తప్పుల గురించి, జవాబు రాలేదు. పాత సినిమాల విషయంలో మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలండీ. మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది, ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా పరిస్థితీ అంతే. సినిమా పోయాక దాని గురించి పేపర్లో రాసిందే మిగులుతుంది, ఆ రాసింది తప్పైతే ఇంక దిద్దేదెవరు?

నాకు క్షమాపణలు అక్కర్లేదు. ఆదివారం అదే పేజీలో, మూలన చిన్న అక్షరాల్లో కాకుండా అందరికీ కనపడేలా, గెటిస్‌బర్గ్ తేదీ, ఫోర్డ్స్ థియేటర్ తేదీ, సినిమా టాకీ అన్న సంగతి, ఈ మూడూ వేయండి చాలు. ప్రాజెక్ట్ బుక్కులో ఆ పాత కటింగ్ పక్కన అంటించడానికి మా మనవరాలు ఒక పేజీ ఖాళీగా ఉంచింది.

ఇట్లు
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, తెనాలి