రక్తం కోసం పరుగు ఏడో నెలలో మొదలుకావలసిన పని లేదు

సంపాదకులు గారికి,

వేసవి వచ్చిందంటే నగరంలో రక్తనిధుల దగ్గర నిల్వలు తగ్గిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘గర్భిణికి రెండు యూనిట్లు అత్యవసరం’ అనే విన్నపాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. రక్తహీనతను ముందే గుర్తించి ఐరన్ ఇస్తే వాటిలో కొన్ని విన్నపాలు అసలు రాకుండానే చూడవచ్చునని, ప్రసూతి వార్డుల్లో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసినదాన్ని కనుక, చెప్పాలనిపించింది.

మా వీధిలో ఒక అమ్మాయికి ఇరవై ఎనిమిదో వారంలో హిమోగ్లోబిన్ 6.2 వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత. ఆమె చూపించుకుంటున్న చోట రక్తం ఏర్పాటు చేసుకొమ్మని చెప్పి పంపారు. కార్డు తీసి చూస్తే మూడో నెలలో 9.1 అని ఒక్క అంకె ఉంది, ఆ తర్వాతి గడులన్నీ ఖాళీ. మాత్రలు వేసుకుంటే వాంతి అవుతోందని తను మానేసింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. వేసుకున్న కొద్ది రోజులూ ఐరన్, కాల్షియం కలిపి మింగి, ఆ వెంటనే చాయ్ తాగేదట. అలా వేసుకుంటే ఒంటికి పట్టే ఐరన్ ఎంతని!

వేరే ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయాసం, గుండెదడ, రక్తస్రావం లేవని, కాన్పుకు ఇంకా వ్యవధి ఉందని నిర్ధారించుకుని ఆమెను చేర్చుకున్నారు. గర్భానికి ముందున్న బరువు 48 కిలోలను, 11కు చేరడానికి పెరగవలసిన 4.8 గ్రాములను, ఈ లెక్కలో ఎప్పుడూ వాడే 2.4ను గుణించి, నిల్వల కోసం మరో 500 కలిపితే దాదాపు 1,050 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని లెక్క తేలింది. నరంలోకి ఎక్కించే ఐరన్ మందు ఐరన్ సుక్రోజ్‌ను సెలైన్‌లో కలిపి రోజు విడిచి రోజు 200 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించారు. అయిదు వారాలకు హిమోగ్లోబిన్ 9.4కు వచ్చింది, నెలలు నిండాక రక్తం అవసరం లేకుండానే కాన్పయింది. అలాంటిదే మరో మందు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే విడతలో 1,000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వవచ్చు, కానీ ఖరీదు ఎక్కువ.

ఒక యూనిట్ రక్తంతో హిమోగ్లోబిన్ పెరిగేది సుమారు ఒక గ్రాము మాత్రమే. పైగా రియాక్షన్ల భయం, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం, ముందు ముందు బిడ్డకు ఇబ్బంది కలిగించగల యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారయ్యే అవకాశం ఉంటాయి. అలాగని రక్తమే వద్దనడం మూర్ఖత్వం. హిమోగ్లోబిన్ 5 కంటే పడిపోయినా, గుండె అలసిపోయినా, రక్తస్రావమైనా, కాన్పు దగ్గరపడ్డాక తీవ్ర రక్తహీనత బయటపడినా రక్తం ఎక్కించవలసిందే, ఎందుకంటే ఐరన్ పనిచేయడానికి వారాలు పడుతుంది. మొదటి మూడు నెలల్లో ఈ ఐరన్ ఇంజెక్షన్ ఇవ్వరు. ఇచ్చేటప్పుడు రియాక్షన్ వస్తే చూసుకోగల డాక్టరు దగ్గరుండాలి. బి12 లోపమో, వంశపారంపర్యంగా వచ్చే తలసీమియా లక్షణమో అసలు కారణమైతే ఐరన్ ఒక్కటే సరిపోదు కాబట్టి ఆ పరీక్షలూ ముందే జరగాలి.

రక్తహీనత తగ్గించేందుకు 2018లో మొదలైన కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లో ఇందులో ముఖ్యమైనవి ఉన్నవే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కూలికి పోయే మనిషి ఒక్క సెలైన్ కోసం పేట్లబుర్జు, కోఠి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల దాకా వచ్చి రోజంతా పోగొట్టుకోవాలంటే రెండోసారి రాదు. కాబట్టి డాక్టరున్న పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో వారంలో ఒక రోజు, రక్తహీనత తీవ్రస్థాయికి చేరని గర్భిణులకు ఈ ఐరన్ చికిత్స అందేలా అధికారులు ఏర్పాటు చేయాలని, నెలనెలా హిమోగ్లోబిన్ అంకెను కార్డులో రాయడం తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఆ గడి ఖాళీగా కనిపిస్తే, పరీక్ష ఎప్పుడు చేస్తారని భర్తయినా అత్తగారైనా అక్కడే అడగాలి.

- ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
సీతాఫల్‌మండి, హైదరాబాద్