కోర్దోబా వెళ్ళొచ్చిన మేస్త్రి

ఒరేయ్ శీనూ,

నీ ఇంటి ఫొటోలు అందాయి. గోడలు లింటెల్ దాకా లేచాయన్నమాట, సంతోషం. పూజగది గుమ్మానికి కమాను కట్టించాలా, మామూలు లింటెల్ వేసేయాలా అని నాన్నని అడగమన్నావు కదా. అడిగాను. "ఆలోచించి చెప్తాలే" అన్నాడు. చెప్పాడు కూడా, కానీ ఆ జవాబు రావడానికి మేమిద్దరం స్పెయిన్ దాకా వెళ్ళిరావాల్సి వచ్చింది. కాబట్టి నువ్వు ఈ ఉత్తరం మొత్తం చదవాల్సిందే, వెంటనే చివరికి దూకొద్దు.

అమ్మానాన్నా మ్యూనిక్ వచ్చి రెండు నెలలైంది. బాబుతో అమ్మకి చేతినిండా పని. తోచనిది నాన్నకే. నలభై ఏళ్ళు తాపీ పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషి, మూడో అంతస్తులో హీటర్ పక్కన ఎంతకాలమని కూర్చుంటాడు? ఎదురుగా ఏదో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అది చూడటమే పని. సాయంత్రం నేను ఇంటికి రాగానే "ఇవాళ ఒక్క బెడ్డే పోశార్రా, ఇలాగైతే ఎప్పటికి పూర్తవుతుంది" అని నాకు రిపోర్టు. ఇక లాభం లేదని ఫిబ్రవరి చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆయన్ని తీసుకుని మలగాకి విమానమెక్కాను. అక్కణ్ణుంచి కోర్దోబాకి రైల్లో గంట. ఆ ఊరే ఎందుకంటావా? గ్రనడాలో ముస్లిం రాజుల కోట అల్‌హంబ్రాకి టికెట్లు అయిపోయాయి. అంతకు మించి కారణం ఏమీ లేదు, గొప్పలు చెప్పను.

గైడుతో టూర్ ఆన్‌లైన్లో బుక్ చేశాను. వాళ్ళు పంపిన మెసేజ్‌లో "వంతెన చివర" అని మాత్రమే ఉంది. వంతెనకి చివరలు రెండుంటాయని వాళ్ళకీ తోచలేదు, నాకూ తోచలేదు. గ్వాదల్కివిర్ నది మీద రోమన్లు మొదలుపెట్టిన వంతెన అది, పదహారు కమానులు. మేము అవతలి ఒడ్డున కలహోర్రా బురుజు దగ్గర నిలబడ్డాం. గైడేమో ఊరి వైపు, ద్వారం దగ్గర. ఫోన్ వచ్చాక పరుగే పరుగు. నేను రొప్పుతూ పరుగెడుతుంటే వెనకాల నాన్న తీరిగ్గా పిట్టగోడ మీంచి కిందికి వంగి "నీళ్ళు కోసెయ్యకుండా స్తంభాలకి ముక్కులు ఎట్లా పెట్టాడో చూడరా" అంటున్నాడు. గైడమ్మ పసుపు గొడుగు పట్టుకుని మా కోసం ఇరవైమందిని నిలబెట్టి ఉంచింది. ఆ ఇరవైమంది మావైపు చూసిన చూపు నీకు రాయను.

అందరికీ తలా ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చారు. నాన్నకి ఇంగ్లీషు రాకపోయినా అది మాత్రం పెట్టుకున్నాడు. ఒక చెవిలో ఆవిడ ఇంగ్లీషు, రెండో చెవిలో నా తెలుగు. ఆవిడ రెండు వాక్యాలు ముందు, నేను రెండు వాక్యాలు వెనక. పది నిమిషాల తరవాత ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "తేదీలు నాకొద్దు, ఎవడు ఎట్లా కట్టాడో అంతవరకు చెప్పు" అన్నాడు. నాకూ సగం పని తప్పింది.

మెస్కీత గురించి నువ్వు ఫొటోల్లో చూసే ఉంటావు, ఎరుపూ తెలుపూ చారల కమానులు, ఎటు చూసినా స్తంభాలు. 785లో అప్పట్లో ఈ ఊరినేలిన మొదటి అబ్దుర్ రహమాన్ మొదలుపెట్టిన మసీదు. తరవాత రెండువందల ఏళ్ళలో మూడుసార్లు పెంచారు. 1236లో క్రైస్తవ రాజు ఊరు పట్టుకున్నాక చర్చి అయింది, ఇప్పటికీ చర్చే. మొత్తం స్థలం సుమారు 23,000 చదరపు మీటర్లు అని నేను చెప్పగానే నాన్న లెక్కేసుకుని "అయిదున్నర ఎకరాల పైమాటే" అన్నాడు.

లోపలికి అడుగుపెట్టాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. బయట ఎండలోంచి వెళ్ళాం కదా, ముందు ఏమీ కనపడదు. కాసేపటికి కళ్ళు సర్దుకుంటాయి, అప్పుడు స్తంభాలు ఒక్కో వరసా బయటికొస్తాయి. ఇప్పుడు 856 మిగిలాయట. నేను పైకి చూస్తున్నాను, అందరూ పైకే చూస్తున్నారు. నాన్న ఒక్కడే కిందికి చూస్తున్నాడు. స్తంభం మొదట్లో. చూసి, పక్కదాని దగ్గరికెళ్ళి, మళ్ళీ ఇటు వచ్చి, "ఇవి కొన్న సరుకు కాదురా, పాత ఇళ్ళు పడగొడితే వచ్చిన సరుకు" అన్నాడు.

సరిగ్గా అదే మాట ఆవిడ రెండు నిమిషాల తరవాత చెప్పింది. రోమన్ల కట్టడాల నుంచీ, వాళ్ళ తరవాత ఏలిన విసిగోతుల కట్టడాల నుంచీ ఏరుకొచ్చిన స్తంభాలు. ఒకటి సన్నం, ఒకటి లావు. ఒకటి నున్నగా ఉంటే పక్కది గీతలు గీతలుగా ఉంది. కొన్నింటి కింద దిమ్మెలున్నాయి, పొడుగ్గా ఉన్నవాటిని నేలలోకి దింపేశారు. అంతా కలిపి చూస్తే స్తంభాలు పొట్టివి, హాలేమో పెద్దది. పైకప్పు ఆ ఎత్తులోనే వేస్తే నెత్తిమీద పడినట్టుంటుంది. అందుకని స్తంభం మీద ఇంకో దిమ్మె లేపి, రెండు వరసల కమానులు వేశారు. కింది వరస గుర్రపు లాడం ఆకారంలో, పై వరస అరచక్రంలా. కింది వరస మీద గోడేమీ లేదు, ఖాళీ. అది స్తంభాల్ని పక్కకి కదలకుండా పట్టుకోడానికి. బరువు మోసేది పైది. ఒక రాయి, కొన్ని ఇటుకలు, మళ్ళీ రాయి. ఆ చారలు అలా వచ్చినవే.

"కింద సన్నం, పైన లావు. నాకు ఎవడన్నా ప్లాను ఇట్లా ఇస్తే చింపి మొహాన కొట్టేవాణ్ణి" అన్నాడు నాన్న. అంటూనే ఒక చెయ్యి స్తంభం మీద వేసి ఉంచాడు. సెక్యూరిటీ అతను గొంతు సవరించుకుంటే తీశాడు.

తరవాత నాతో ఒక ప్రశ్న అడిగించాడు. "వాన నీళ్ళు ఎటు పోతాయో కనుక్కో." ఇరవైమందిలో ఈ ప్రశ్న అడగడానికి నాకు సిగ్గేసింది. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది. ఒక్కో వరసకీ విడివిడిగా రెండు వాలుల కప్పు ఉందట. రెండు కప్పుల మధ్య, ఈ పై కమానుల గోడ మీదే కాలవ ఉంటుంది. నీళ్ళన్నీ ఆ కాలవల్లో పారి ముందున్న ముంగిట్లోకి దిగుతాయి. అంటే మనం చూసే ఆ అందమైన కమానులు నీళ్ళ కాలవలు మోసే గోడలు కూడానన్నమాట. నాన్న నావైపు చూసి తలాడించాడు, నువ్వు ఇంటర్ సెలవుల్లో ఆయన దగ్గర పనికొచ్చినప్పుడు సరిగ్గా మాలు కలిపితే ఆడించేవాడే, అట్లా.

మిహ్రాబ్ దగ్గర, అంటే ప్రార్థన దిక్కు చూపే గూడు దగ్గర, జనం తోసుకుంటున్నారు. ఖలీఫా రెండో అల్ హకమ్ కట్టించిన భాగం అది, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి పంపిన గాజుముక్కలతో బంగారు పని. బాగుంది, చాలా బాగుంది. కానీ నాన్న అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. మెడ నొప్పన్నాడు.

ఆయన నిలబడిపోయింది తూర్పు వైపు. అక్కడా అవే కమానులు, అవే చారలు. కాసేపు కళ్ళు చిట్లించి "ఇక్కడ ఇటుక లేదురా" అన్నాడు. "అన్నీ రాళ్ళే. ఎరుపు రంగేశాడు. అతుకు చూడు, చార ఒకచోటుంది, అతుకు ఇంకోచోటుంది." నాకేమీ కనపడలేదు. అడిగితే గైడమ్మ నవ్వి, నిజమే, 987లో అల్ మన్సూర్ పెంచిన భాగం ఇది, ఇక్కడ ఎరుపు చాలావరకు పూతే అంది. అల్ మన్సూర్ ఖలీఫా కాదు, ఖలీఫాని పేరుకి కూర్చోబెట్టి పెత్తనమంతా తనే చేసిన మంత్రి. 997లో స్పెయిన్ ఉత్తరాన ఉన్న శాంతియాగో మీద దండెత్తి అక్కడి చర్చి గంటల్ని బందీల భుజాల మీద ఈ ఊరికి మోయించింది ఈయనే. 1236 తరవాత ఆ గంటలు ఈసారి ముస్లిం బందీల భుజాల మీద వెనక్కి వెళ్ళాయట. నేనిదంతా తెలుగులో చెప్తే నాన్న విన్నది ఒకటే. "చెప్పలా? కాంట్రాక్టరు మారాడు."

గంటసేపు కమానుల మధ్య తిరిగి తిరిగి, ఒక మలుపు తిరిగితే ఎదురుగా పెద్ద వెలుతురు. మసీదు నడిబొడ్డున చర్చి లేచి ఉంది, ఆకాశానికి. 1523లో అలోన్సో మన్రీకే అనే బిషప్పు మొదలుపెట్టాడు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. పాతది పడగొట్టే పనిలో చెయ్యి పెట్టిన ఏ మేస్త్రికైనా మరణశిక్షేనని నగర మండలి చాటింపు వేయించింది. చివరికి చక్రవర్తి అయిదో చార్లెస్ బిషప్పు పక్షమే అన్నాడు. తరవాత ఆయనే వచ్చి చూసి, "ఎక్కడా లేనిదాన్ని పాడుచేసి, ఎక్కడైనా ఉండేదాన్ని కట్టారు" అని బాధపడ్డాడని చెప్పుకుంటారు. ఆయన బాధ సంగతి అట్లా ఉంచు, అల్‌హంబ్రాలో తన కోసం ప్యాలెస్ కట్టించుకుంటూ ఈ మాట గుర్తు తెచ్చుకున్నాడో లేదో!

నాకు ఆ చర్చి నచ్చలేదు శీనూ. అడవి మధ్యలో ఫంక్షన్ హాలు కట్టినట్టుంది. నాన్నతో అదే అంటే ఒప్పుకోలేదు. "పని బాగా చేశాడు, పని చేసినవాణ్ణేమీ అనకు. ఎవరా మేస్త్రి?" అన్నాడు. ఎర్నాన్ రూయిస్. తరవాత అతని కొడుకు, ఆ తరవాత మనవడు, అందరిపేరూ అదే. 1607కి పూర్తయింది. మూడు తరాలు ఒకే పని అనగానే నాన్న నావైపు ఒక చూపు చూశాడు. రెండో తరం ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని నిలబడి ఉంది. మూడో తరం మ్యూనిక్‌లో డైపర్లో ఉంది.

బయటికొచ్చాక మిగతా టూర్ అంతా సందుల్లో. యూదుల పేటలో 1315 నాటి ప్రార్థనా మందిరం మన వీధి చివర రామాలయమంత ఉంటుంది. యూదుల్ని వెళ్ళగొట్టాక అది కొన్నాళ్ళు ఆసుపత్రి, తరవాత చెప్పులు కుట్టేవాళ్ళ సంఘం. గోడల మీద లతల పనంతా పూత కింద కప్పబడిపోయి, పంతొమ్మిదో శతాబ్దంలో పూత ఊడితే బయటపడింది. ఊళ్ళోని కోటలో కొలంబస్ స్పెయిన్ రాణిని కలిశాడన్నారు, పూలకుండీల సందులో ఫొటోలు దిగడానికి క్యూ ఉంది. ఇక నాకు ఆకలేసింది, అందుకే ఇంతే రాస్తున్నాను.

దారిపొడుగునా నారింజ చెట్లు, కాయలతో విరగకాసి ఉన్నాయి. వాళ్ళ భాషలో నారింజని "నరంహ" అంటారు. మన మాటే పర్షియా, అరబ్బు దేశాలు తిరిగి అక్కడ దిగింది. ఆ చుట్టరికం చూసుకుని ఆశపడి, రాలిన కాయ ఒకటి ఒలిచి తొన నోట్లో వేసుకున్నాను. పులుపు కాదురా, చేదు, చెవుల దాకా పాకింది. నాన్న వాసన చూసి "ఇది నారదబ్బ జాతి. తినేది కాదు, ఊరగాయ పెట్టేది" అని మూడు కాయలు జేబులో వేసుకున్నాడు. అమ్మ పెట్టింది కూడా. మూడో రోజుకి ఊరి అద్భుతంగా ఉంది. సాల్మొరేహో అని చల్లటి టమాటా పులుసులాంటిది, ఎండిన రొట్టె వేసి రుబ్బుతారు, అది మాత్రం ఆయనకి నచ్చలేదు. "తాలింపు మర్చిపోయారు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఏడింటికి నన్ను లేపాడు. మెస్కీతకి మళ్ళీ వెళ్దామట. ఆదివారం తప్ప రోజూ పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఒక గంట ఉచితంగా వదుల్తారు, గుంపుల్ని రానివ్వరు. వెళ్ళాం. మనుషులు పదిమంది లేరు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో వరసా నడిచాడు. ఒకచోట అద్దం కింద, స్తంభాల మీద దొరికిన గుర్తుల అచ్చులు పెట్టారు. రాళ్ళు చెక్కినవాళ్ళు అరబ్బీలో గీసుకున్న పేర్లు. వాటి దగ్గర వంగి అంతసేపు ఏం చదివాడో నాకు తెలీదు, తెలుగే కష్టంగా చదువుతాడు. మీ పిన్నివాళ్ళ సంపు మూత కింద తడి సిమెంటు మీద మేకుతో తేదీ గీసి, "ఎవరికీ చెప్పొద్దు" అన్నాడే, గుర్తుందా?

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, నేను అడక్కుండానే నీ సంగతి ఎత్తాడు.

"శీనుగాడికి కమాను వద్దని చెప్పు. కమాను బరువుని కిందికొక్కటే దించదు, పక్కకి తోస్తది. ఇక్కడ ఒక కమాను తోస్తే పక్క కమాను ఆపుతుంది, దాన్ని ఇంకోటి, ఆఖర్న ఈ లావు గోడ ఉంది. వాడి పూజగది పక్కన ఏముంది? నాలుగున్నర అంగుళాల గోడ, దానవతల బాత్రూం. లింటెల్ వేసి, కింద ప్లాస్టరింగ్‌లో కమాను ఆకారం తియ్యమను."

"మరి చారలో?" అన్నాను.

"రంగేసుకోమను" అన్నాడు. ముందురోజు అల్ మన్సూర్‌ని తిట్టిన నోటితోనే.

లింటెల్‌కి నీళ్ళు పెట్టడం వారం దాకా ఆపొద్దన్నాడు, అది రెండుసార్లు చెప్పాడు.

నీ,
రాజా